చేటలో గొట్టం మాత్రలు

మేము పనిచేసిన కాలేయ పరిశోధన గురించి ఇంగ్లీషులో ఒక పెద్ద వ్యాసం అచ్చయింది. నా చేతికొచ్చిన ప్రతిని నిఘంటువు పక్కన పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. రాజాం దగ్గరి ఒక ఊరి గురించి అందులో ఒకే ఒక్క వాక్యం ఉంది. ఆ ఊళ్ళో మందును నియమం ప్రకారం వాడలేదు కనుక అక్కడి ఫలితాలను విడిగా చూపామని. వాక్యంలో తప్పేమీ లేదు. కానీ అది చదివినవాళ్ళు ఆ ఊరివాళ్ళు నిర్లక్ష్యపు మనుషులని అనుకుంటారు. ఆ మాట అలాగే మిగిలిపోవడం నాకు ఇష్టం లేదు. ఉద్యోగం నుంచి దిగిపోయి తీరిక దొరికింది కాబట్టి, ఆ ఒక్క వాక్యం వెనకున్న సంగతి రాస్తున్నాను. ఇలాంటి పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదివితే చాలు.

నేను డాక్టరును కాను. పదో తరగతి తరవాత నా చదువంతా రాజాం లైబ్రరీలోనే సాగింది. అక్కడ వైద్యం పుస్తకాల బీరువా ఒకటి ఉండేది. ఎవరూ తెరవక దాని తాళం బిగుసుకుపోతే, లైబ్రేరియన్‌గారు కొబ్బరినూనె వేసి నాకోసం తెరిచారు. కాలేయం పైత్యరసం తయారుచేస్తుందనీ, పిత్తాశయం దాన్ని దాచిపెట్టి, మనం నూనె వస్తువు తిన్నప్పుడు పేగుల్లోకి వదులుతుందనీ అక్కడే చదివాను. ఆ రోజుల్లో మా ఇంట్లో పకోడీలు వేస్తే, చేతిలోకి తీసుకునేలోపే అందరికీ ఈ సంగతి చెప్పేవాణ్ణి. తరవాత్తరవాత నన్ను చూసి పకోడీలు వెయ్యడమే మానేశారు.

ఆ చదువే నాకు ఉద్యోగం ఇచ్చింది. ఒక వైద్య కళాశాలవారు మా వైపు ఊళ్ళలో కాలేయం మీద పరిశోధన మొదలుపెట్టి, ఇక్కడి మాట తెలిసిన మనిషి కావాలన్నారు. నేను వెళ్ళాను. ఊరూరా జనాన్ని కూర్చోబెట్టి విషయం చెప్పడం, మందు సీసాలు ఇవ్వడం, ఖాళీ సీసాలు వెనక్కి తేవడం, స్కాన్ వ్యాన్ వచ్చే రోజున అందరినీ పరగడుపున పోగుచెయ్యడం నా పని. మా పైన ఒక డాక్టరమ్మ. వ్యాన్‌కి ఒక డ్రైవరు. అతనిది ఆమదాలవలస. మాకు ఏ చుట్టరికమూ లేకపోయినా నన్ను లైబ్రరీ బావా అని పిలిచేవాడు.

మేము వెతికిన జబ్బు కాలేయానికి కొవ్వు పట్టడం. సారా ముట్టనివాళ్ళకీ వస్తుంది. షుగరున్నవాళ్ళలో ఎక్కువ. నొప్పి తెలియదు. ఏళ్ళు గడిచేకొద్దీ కొందరిలో కాలేయం గట్టిపడుతుంది. ఆ గట్టితనం కొలిచే యంత్రం వ్యాన్‌లో ఉండేది. పక్కటెముకల మధ్య చిన్నగా తట్టి, ఆ తట్టు లోపల ఎంత వేగంగా సాగుతుందో చూసి చెబుతుంది. బెండకాయ ముదిరిందో లేదో కొన విరిచి చూస్తాం కదా, ఇది విరవకుండానే చెబుతుందని ఆడవాళ్ళకు చెప్పేవాణ్ణి. వెంటనే అర్థమయ్యేది.

యంత్రం గురించి చెప్పడం తేలిక. పరిశోధన గురించి చెప్పడమే కష్టం. కొత్త మందు ఒకటి వచ్చింది. పనిచేస్తుందో లేదో తేలాలి. చేరినవాళ్ళలో సగం మందికి ఆ మందున్న గొట్టం మాత్రలు, మిగతా సగం మందికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్తి మాత్రలు ఇవ్వాలి. ఎవరి సీసాలో ఏది ఉందో తీసుకునేవాళ్ళకూ తెలియదు, ఇచ్చే మాకూ తెలియదు. ఇదంతా జనానికి విప్పి చెప్పి, వాళ్ళు ఒప్పుకున్నాకే చేర్చుకోవాలి. పైనుంచి వచ్చిన తెలుగు కాగితంలో ‘యాదృచ్ఛిక కేటాయింపు’ అని ఉంది. మా డ్రైవరు దాన్ని వ్యాన్‌లో బిగ్గరగా చదివి, "ఇదేటి బావా, పెళ్ళి మంత్రమా" అన్నాడు.

రాజాం దగ్గరి ఆ ఊళ్ళో మొదటి సభ రోజున నాకు అక్కడి చెరువు గుర్తొచ్చింది. మా వైపు చాలా ఊళ్ళు చెరువుల్ని వేలం పాటకు ఇచ్చేశాయి. ఆ ఊరు ఇవ్వలేదు. ఏటా వేసవిలో నీళ్ళు తగ్గాక అందరూ కలిసి చేపలు పట్టి, గట్టు మీద ఇంటికొక కుప్ప పోస్తారు. ఒక మనిషి కుప్పలకు వీపు పెట్టి నిలబడతాడు. ఇంకొకడు ఏదో ఒక కుప్ప మీద కర్ర ఆనించి "ఇదెవులికి?" అని అడుగుతాడు. వీపు తిప్పినవాడు వెనక్కి చూడకుండా ఒక ఇంటి పేరు చెబుతాడు. ఆ కుప్ప వాళ్ళది. అన్నదమ్ములకైనా అందులో పక్షపాతానికి చోటుండదు.

"సీసాల పంపకం కూడా అంతే. నేనూ, డాక్టరమ్మా ఇద్దరమూ వీపు తిప్పి నిలబడ్డవాళ్ళమే" అని చెప్పాను. జనం తలలాడించారు. వెనక కూర్చున్న డాక్టరమ్మ తరవాత నన్ను పిలిచి, "మాస్టారూ, ఈ చేపల కథ అన్ని ఊళ్ళలోనూ చెప్పండి" అంది. ఆ రోజంతా నేల మీద నడిచినట్టు లేదు నాకు.

ఆ సభలో ముందు వరసలో ఇద్దరు తోటికోడళ్ళు కూర్చున్నారు. పక్కపక్క ఇళ్ళు, ఒకటే పెరడు. పెద్దామె ఊళ్ళో ఆడవాళ్ళ సంఘానికి పెద్ద, గొంతు కూడా పెద్దది. చిన్నామె మాట పెదవి దాటేది కాదు. మొదటి స్కాన్‌లో చూస్తే ఇద్దరి కాలేయానికీ కొవ్వు పట్టింది గానీ చిన్నామెది ఆ ఊరందరిలోకీ ఎక్కువ గట్టిపడి ఉంది. ఆ సంగతి బయటపడగానే ఎవరో, "మరేటి, దొంగసాటుగా తాగుద్దేటి?" అన్నారట. పెద్దామె వీధిలో నిలబడి, "అది మజ్జిగ కూడా వడగట్టుకుని తాగే మనిషి. నీ మొగుడి లివరు బాగుందేటి, ముందు దాన్ని సూపించు" అని జవాబిచ్చిందని డ్రైవరు నవ్వుతూ చెప్పాడు.

చిన్నామె తల్లి కడుపులో నీరు చేరి చనిపోయింది. అందుకే డాక్టరమ్మ ఆవిడతో దాచకుండా మాట్లాడింది. "ఇంకా చెయ్యి దాటలేదమ్మా. ఇక్కడితో ఆపగలిగితే బాగుంటావు. ఆగకపోతే మీ అమ్మకొచ్చిందే నీకూ వస్తుంది." చిన్నామె తలూపింది. పెద్దామె ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ పరిశోధనలో చేరి చెరో సీసా తీసుకున్నారు.

తక్కిన ఊళ్ళలో సీసాలు వెనక్కి తీసుకునేటప్పుడు అడుగున మాత్రలు గలగలలాడేవి. మర్చిపోయామనేవాళ్ళు, పెళ్ళికి వెళ్ళామనేవాళ్ళు. ఆ ఊరి సీసాలు మాత్రం కడిగినట్టు ఖాళీగా వచ్చేవి. మా సమావేశాల్లో ఆ ఊరిని అందరికీ ఆదర్శంగా చూపించేవారు. నేను వినయంగా నేల చూపులు చూసేవాణ్ణి.

ఒకసారి వ్యాన్‌లో యంత్రం చెడి స్కాన్ రోజు మార్చాల్సి వచ్చింది. ఆ మాట చెప్పడానికి నేనూ డ్రైవరూ మా రోజు కాని రోజున, పొద్దున్నే ఆ ఊరు వెళ్ళాం. పెద్దామె ఇంటి అరుగు మీద ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. మధ్యలో చేట. చేటలో గొట్టం మాత్రల రాశి. సీసాలన్నీ మూతలు తీసి పక్కన వరసగా పెట్టి ఉన్నాయి. పెద్దామె అరచేత్తో ఆ రాశిని కలుపుతోంది, పెసలు ఏరే ముందు కలిపినట్టు.

నన్ను చూసి ఎవరూ కంగారు పడలేదు. "రండి బాబూ, కూకోండి. ఈయాల మీ రోజు కాదు గదా" అంది పెద్దామె.

"ఇదేటి?" అన్నాను.

"వాటాలేత్తన్నాం."

"వాటాలెందుకు?"

"ఎందుకేటి? మీరే గదా సెప్పినారు, సగం మందికి మందు, సగం మందికి ఉత్తిది అని."

"చెప్పాను. చేపల పంపకంలాగా ఎవరికి ఏది రాసిపెట్టి ఉంటే అది వస్తుందని కూడా చెప్పాను."

"అదే మరి. కుప్పలు సమానంగా పోసినాక గదా బాబూ ఈపు తిప్పి నిలబడేది. ఒక కుప్పలో సేపలెట్టి, ఒక కుప్పలో గడ్డెట్టి, అప్పుడు ఈపు తిప్పితే ఏటి లాభం? మా గట్టు మీద అలగ పంచితే తన్నుకుంటారు." 

ఆడవాళ్ళు నవ్వారు. డ్రైవరు కూడా నవ్వి, నా మొహం చూసి ఆపేశాడు.

చిన్నామె నవ్వలేదు. "నానొద్దన్నాను బాబూ. అప్ప ఇనలేదు" అంది.

"నువ్వూరుకోవే" అని పెద్దామె నావైపు తిరిగింది. "నాకు మందొచ్చి దానికి ఉత్తిది వొచ్చిందనుకోండి. నాను మింగేసి కూకోనా? దాని కడుపు ఉబ్బుతుంటే పక్కింట్లోంచి సూత్తా ఉండనా?"

నాకు కోపం వచ్చింది. అన్ని నెలల పని చేటలో కలిసిపోయిందన్న కోపం. "తిరగేసి ఆలోచించావా? మందు ఆవిడకే వచ్చి, ఉత్తిది నీకు వచ్చి ఉంటే? ఇన్నాళ్ళూ ఆవిడ మందులో సగం నువ్వు తినేసినట్టే కదా" అన్నాను.

పెద్దామె చెయ్యి చేటలో ఆగిపోయింది. ఆ మాట ఆమెకు ఎప్పుడూ తట్టలేదని మొహం చూస్తేనే తెలిసింది.

"నాకా సంగతి మొదటి రోజే తెలుసు బాబూ" అంది చిన్నామె మెల్లగా. "తిననీ. అప్పకీ ఉన్నాది గదా జబ్బు."

తిరుగుదారిలో డ్రైవరు అన్నాడు. "సూణ్ణేదనుకో బావా. మనం ఈయాల రాణ్ణేదు. ఆ ఊరు పోతే మనకున్న మంచిపేరు పోతాది."

నిజమే. కానీ నాకు చిన్నామె కాలేయం కళ్ళ ముందుంది. రేపు స్కాన్‌లో ఆవిడకి ఏం తేలినా, అది ఆవిడ సీసా వల్లేనని డాక్టరమ్మ తప్పుగా అనుకుంటుంది. పైగా ఆ ఒక్క ఊరి కలగాపులగం వల్ల పనిచేసే మందు పనికిరాదని తేలవచ్చు. ఆ మధ్యాహ్నమే వెళ్ళి డాక్టరమ్మకు చెప్పాను.

"అందరూనా?" అంది.

"అందరూ."

ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. తిడుతుందనుకున్నాను. "ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేయించుకుని వచ్చేసిన ఊళ్ళలో ఈ గొడవ లేదు మాస్టారూ. అర్థం చేసుకున్న ఊళ్ళోనే వచ్చింది" అంది. ఆ మాటను నేను ఇప్పటికీ తిప్పి తిప్పి చూస్తుంటాను. ఎటు తిప్పినా సుఖంగా ఉండదు.

తరవాతి వారం ఆమె స్వయంగా ఆ ఊరు వచ్చి బడి వరండాలో అందరినీ కూర్చోబెట్టింది. "ఈ మందు మంచిదని తెలిసి ఉంటే అందరికీ ఇచ్చేసేవాళ్ళం. మంచిదో కాదో తెలియకే ఇలా ఇస్తున్నాం" అంది.

"సెడ్డదైతే?" అంది పెద్దామె. ఆ రోజు ఆమె గొంతులో బలం లేదు.

"అదీ తెలియదు. అందుకే మీ రక్తం చూస్తూ ఉంటాం."

"అలగైతే పంచుకోటమే మంచిది గదమ్మా. సెడ్డయినా తలో కొంచెమే పడతాది."

డాక్టరమ్మ ఆమెవైపు తిరిగి, "మీరు పంచుకుంటే మీలో మీకు న్యాయమే. కాదనను. కానీ ఈ మందు పనిచేస్తుందో లేదో ఇంక మీ ఊరు చెప్పలేదు. ఇలాంటి కాలేయమే ఉన్న ఇంకో చెల్లి ఇంకో ఊళ్ళో ఉంటుంది. ఆవిడకి ఏం ఇవ్వాలని నన్నడిగితే నేనేం చెప్పను?" అంది.

చిన్నామె తలెత్తింది. "ఆవిడికి కూడా వాటా ఉందని మాకు తెల్దమ్మా" అంది.

నా చేపల కథలో లేని ముక్క అదే. గట్టు మీద లేని మనిషికి కూడా ఒక కుప్ప తియ్యాలని నేను చెప్పలేదు. ఆ మాట అప్పటివరకు నాకూ తోచలేదు. లైబ్రరీలో చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత తేలిగ్గా దొరకలేదు. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పదలచుకున్నది కూడా ఇంతే. ఎవరికోసం ఈ పని అన్నది ముందు చెప్పండి, పంపకం సంగతి తరవాత చెప్పండి.

పైవాళ్ళ నిర్ణయం వచ్చింది. ఆ ఊళ్ళో మాత్రలు ఆపెయ్యాలి. స్కాన్లూ రక్త పరీక్షలూ మాత్రం చివరిదాకా చెయ్యాలి. ఆ మాట విన్నాక పెద్దామె డాక్టరమ్మ కొంగు పట్టుకున్నంత పని చేసింది. "నాకొద్దు, మా ఎవులికీ వొద్దు. దానికొక్కదానికీ ఇయ్యండి తల్లీ."

"ఇద్దామన్నా ఏ సీసాలో మందుందో నాకే తెలియదమ్మా. నేనూ వీపు తిప్పే ఉన్నాను" అంది డాక్టరమ్మ.

ఆ తరవాత స్కాన్ రోజున వెళ్ళినప్పుడల్లా పెద్దామె నన్ను పక్కకు పిలిచి ఒకే మాట అడిగేది. "తెలిసిందా బాబూ, నానేటి మింగినానో?" తెలియలేదనేవాణ్ణి. మనిషి చిక్కిపోయింది. వీధిలో ఆమె గొంతు వినిపించడం మానేసింది. ఆ రోజు అరుగు మీద కోపంలో నేనన్న మాట ఆమెలో ఎంత లోతుకు దిగిందో నాకు కనిపిస్తూనే ఉంది. చిన్నామె మాత్రం ఎప్పటిలాగే వచ్చి, పక్కకు తిరిగి పడుకుని, యంత్రం తట్టే తట్టుకు కళ్ళు మూసుకునేది. గట్టితనం తగ్గలేదు, పెరగనూ లేదు. "నిలబడి ఉంది" అనేది డాక్టరమ్మ. అంతకుమించి ఎవరూ చెప్పగలిగేది కాదు.

చివరికి పరిశోధన ముగిసి, ఎవరి సీసాలో ఏముందో బయటపెట్టే రోజు వచ్చింది. తక్కిన ఊళ్ళ లెక్కల్లో మందు కొంత మేలు చేసినట్టే తేలింది. అద్భుతమేమీ కాదు, కొంత మేలు. ఉత్తి మాత్రలు వచ్చినవాళ్ళకు ఇప్పుడు మందు ఇవ్వాలని ముందే రాసుకున్న ఒప్పందం. ఎవరి సంగతి వాళ్ళకు విడిగా చెప్పాలన్నది నియమం. తోటికోడళ్ళు ఒప్పుకోలేదు. "ఇద్దరం ఒక్కపాలే ఇంటాం" అన్నారు. పెద్దామె ఇంటి అరుగు మీదే కూర్చున్నాం. డ్రైవరు మెట్టు దగ్గర నిలబడ్డాడు.

డాక్టరమ్మ చిన్నామె వైపు చూసి, "నీ సీసాలో ఉన్నది మందు" అంది. పెద్దామె వైపు తిరిగి, "మీది ఉత్తిది" అంది.

పెద్దామె ఏడవలేదు. ఇన్నాళ్ళూ మోస్తున్న బరువును ఎక్కడ దింపాలో తెలియని మనిషిలా కూర్చుంది. నేను ఆమెకు రావలసిన కొత్త సీసా ఆమె ముందు పెట్టాను. ఆమె దాన్ని ముట్టుకోకుండా కాసేపు చూసి, తీసుకెళ్ళి తోటికోడలి ఒళ్ళో పెట్టింది.

"ఇది నీదే. నీ వాటా నాను తినేసినాను" అంది.

"తింటే తిన్నావులే" అంది చిన్నామె.

"నీ కడుపు కన్నా నాకేటి ఎక్కువే. పుచ్చుకో."

డాక్టరమ్మ కల్పించుకుంది. "చిన్నామెకి కూడా ఇప్పించడానికి పైకి రాశాను. అనుమతి రావడానికి కొంతకాలం పడుతుంది."

"అందాకా ఏటి సేత్తాం?" అంది పెద్దామె.

చిన్నామె లేచి లోపలికి వెళ్ళి చేట తెచ్చింది. సీసా మూత తీసి మాత్రలు చేటలో పోసింది. ఒక్కొక్కటిగా వేలితో తోస్తూ రెండు కుప్పలు చేసింది. ఒకదాని మీద చూపు నిలిపి, ఒక మాత్ర తీసి రెండోదాంట్లో వేసి, తృప్తిగా చూసుకుంది. అప్పుడు నావైపు తలెత్తింది. ఆవిడ గొంతు అంత స్పష్టంగా నేను ఎప్పుడూ వినలేదు.

"ఇప్పుడు సమానం. బాబూ, ఈపు తిప్పండి."

నేను డాక్టరమ్మను చూశాను. చదువుకున్న నియమాలన్నీ ఆమె మొహంలో ఒకదాని వెనక ఒకటి వచ్చి పోయాయి. ఆమె లేచి, కళ్ళద్దాలు సర్దుకుని, చేటకు వీపు పెట్టి వీధివైపు తిరిగి నిలబడింది. నేనూ ఆమె పక్కన అలాగే నిలబడ్డాను. ఎదురుగా మెట్టు దగ్గర డ్రైవరు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

వెనకనుంచి చిన్నామె గొంతు వచ్చింది. "ఇదెవులికి?"

ఇలాంటివి రాసినవాళ్ళు చివర్లో సాయం చేసిన అందరినీ పేరు పేరునా తలుచుకుంటారు. మా పనిలో చేరిన మనుషుల పేర్లు బయటపెట్టకూడదు, వాళ్ళు మాకు వట్టి అంకెలు. అందుకని ఎవరి పేరూ రాయకుండానే దండం పెడుతున్నాను. కొబ్బరినూనె వేసి బీరువా తెరిచిన లైబ్రేరియన్‌గారికి. చూడనట్టు ఊరుకొమ్మని చెప్పి, మళ్ళీ ఆ మధ్యాహ్నమే నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళిన ఆమదాలవలస బావకి. తిట్టకుండా కళ్ళద్దాలు తీసిన డాక్టరమ్మకి. చెరువును వేలానికి ఇవ్వని ఆ ఊరికి. అడక్కుండా పంచిన పెద్దామెకి, తెలిసీ పంచనిచ్చిన చిన్నామెకి. మేము ఎప్పటికీ చూడని ఊళ్ళో ఉన్న ఆ మూడో చెల్లికి.

ఆ రోజు వీపు తిప్పి నేను చెప్పిన పేరు కూడా ఇక్కడ రాయను. రాయకపోయినా ఫరవాలేదు. కుప్పలు రెండూ సమానమే.